శరీర కొలతలు – చిమ్మటల జాతి నిర్ణయం: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

దగ్గరి సంబంధం గల చిమ్మటలను వేరుచేయడానికి రెక్కల పొడవు, దేహ పరిమాణం, తల వెడల్పు, గూటి బరువు వంటి కొలతలను వాడడం జీవశాస్త్రంలో పాత పద్ధతి. సులభం, చౌక కావడంతో చిన్న పట్టణాల కళాశాలల్లోనూ దీనికి ఆదరణ ఉంది. అయితే 'సగటుల్లో తేడా ఉంది' అన్న ఫలితం నుంచి 'ఇవి వేర్వేరు' అన్న నిర్ణయానికి వెళ్ళే దారిలో అనేక లోపాలు చోటుచేసుకుంటున్నాయి. ఉత్తర తెలంగాణ అడవుల్లోని దసలి పట్టుపురుగు, చొప్పదండి వంటి ప్రాంతాల మొక్కజొన్న చేలలోని కత్తెర పురుగు – ఈ రెండింటి ఆధారంగా కొలతల పద్ధతి బలాన్నీ, పరిమితులనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొలతను విడిచిపెట్టనక్కరలేదని, దేనిని, ఏ పరిస్థితుల్లో, ఏ ప్రశ్నకు జవాబుగా కొలుస్తున్నారో తేల్చుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చిమ్మటలు, దసలి పట్టు, కత్తెర పురుగు, జాతి నిర్ణయం, శరీర కొలతలు, మహలనోబిస్ దూరం, సి.ఆర్. రావు.

1. ఉపోద్ఘాతం:

కరీంనగర్‌కు ఉత్తరాన ఉన్న చొప్పదండి వరి, పత్తి, మొక్కజొన్న పండే నేల. అక్కడి నుంచి ఈశాన్యంగా సాగి గోదావరి తీరం చేరితే మహదేవ్‌పూర్, అవతలి ఒడ్డున చెన్నూరు అడవులు వస్తాయి. నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగును పెంచి బతికే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిధిలోని ఈ రెండు నేలలకూ చిమ్మటలతో సంబంధం ఉంది. ఒకచోట చిమ్మట పంటను తినే శత్రువు, మరొకచోట పంటే చిమ్మట. చేనులో పురుగు పేరు తప్పితే వేయవలసిన మందూ, వేయవలసిన వేళా తప్పుతాయి. అడవిలో పురుగు రకం తప్పితే స్థానిక విత్తనం గుర్తు లేకుండా కలిసిపోతుంది. అందువల్ల 'ఇది ఏ పురుగు?' అన్నది ప్రయోగశాలకు పరిమితమైన ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు జవాబు వెతికేవారి చేతిలో తొలి పరికరం కొలబద్ద. వెర్నియర్ కాలిపర్స్, సూక్ష్మదర్శిని, త్రాసు ఉంటే పని మొదలవుతుంది. ఈ సౌలభ్యమే పద్ధతికి బలం. పరిశీలన లోపించినచోట ఇదే బలహీనతగానూ మారుతుంది. కొన్ని పదుల నమూనాలు కొలిచి, సగటూ ప్రామాణిక విచలనమూ పట్టికలో చూపి, తేడా 'గణనీయం' అని తేల్చి, దానినే జాతి భేదానికి ఆధారంగా ప్రకటించడం ఈ రంగంలో తరచు కనిపించే నమూనా. ఈ తర్కంలో ఏ మెట్టు గట్టిది, ఏ మెట్టు బలహీనమైనది అన్నదే ఇక్కడి విచారణ.

2. 'జాతి' అన్న పదం – సందిగ్ధత:

తెలుగు శాస్త్ర రచనలో తొలి చిక్కు పదంతోనే వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో 'ప్రజాతి' కింద వచ్చే వర్గీకరణ మెట్టు 'జాతి'. వాడుకలో మాత్రం ఎద్దుల జాతి, కోళ్ళ జాతి, నాటు జాతి, మేలు జాతి అంటూ ఒకే జీవిలోని రకాలకూ ఇదే మాట చెల్లుతుంది. కొలతలతో రెండు గుంపుల మధ్య తేడా కనిపించినప్పుడు అది జాతుల తేడానా, ఒకే జాతిలోని స్థానిక రకాల తేడానా, ఒకే రకం రెండు రుతువుల్లో పెరిగిన తేడానా అన్నది వేర్వేరుగా అడగవలసిన ప్రశ్న. 'జాతి' అన్న ఒక్క మాట ఈ మూడింటినీ కప్పేస్తుంది.

'చిమ్మట' పదానికీ ఇలాంటి ఇబ్బందే ఉంది. బట్టలు కొరికే పురుగు మొదలు రాత్రిపూట అరిచే కీటకం దాకా ఈ మాటను వాడేవారున్నారు. వ్యవసాయ ప్రచురణలు ఈ చిక్కును తప్పించుకోవడానికి 'రెక్కల పురుగు', 'తల్లి పురుగు' అన్న మాటలను స్థిరపరిచాయి. 'తల్లి పురుగు' అన్నప్పుడు మగ పురుగు దృష్టిలోంచి తప్పిపోవడం ఇందులోని నష్టం. కొలతల విషయంలో ఈ నష్టం చిన్నది కాదు. చాలా చిమ్మటల్లో ఆడ, మగ పరిమాణాలు వేరు. ఇద్దరినీ కలిపి తీసిన సగటు ఏ ఒక్కరినీ సరిగా సూచించదు.

3. కొలత పద్ధతి – చారిత్రక నేపథ్యం:

లిన్నేయస్ 1758లో ప్రకటించిన వర్గీకరణ గ్రంథంలో ఆసియా పట్టుచిమ్మట ఒకదానికి 'పాఫియా' అన్న పేరు ఉంది. డ్రూరీ 1773లో 'మైలిట్టా' అన్న పేరు పెట్టాడు. భారతీయ దసలి పట్టుపురుగుకు ఈ రెండు పేర్లూ చాలాకాలం కలగాపులగంగా నడిచాయి. నేడు దానిని 'ఆంథీరియా మైలిట్టా' అనడం పరిపాటి. హాంప్సన్ 1892–1896 మధ్య బ్రిటిష్ ఇండియా చిమ్మటల మీద వెలువరించిన 4 సంపుటాల్లో ప్రతి చిమ్మట వర్ణన చివర విప్పిన రెక్కల వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. అక్కడ కొలత వర్ణనకు తోడు మాత్రమే. గుర్తింపు భారమంతా రెక్కల నాడులు, మచ్చలు, స్పర్శశృంగాల మీద ఉంది.

కొలతకు నిర్ణయాధికారం గణాంకశాస్త్రంతో వచ్చింది. ఈ కథలో భారతదేశానికీ, తెలుగువారికీ ముఖ్యమైన స్థానం ఉంది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తా ఆంగ్లో–ఇండియన్ల శరీర కొలతలపై 1922లో చేసిన అధ్యయనంతో మొదలుపెట్టి, 1936లో రెండు గుంపుల మధ్య 'దూరాన్ని' అనేక కొలతల ఆధారంగా లెక్కించే సూత్రాన్ని ప్రకటించాడు. అదే ఏడాది ఫిషర్ మూడు ఐరిస్ జాతులకు చెందిన 150 పూల రక్షక, ఆకర్షక పత్రాల కొలతలతో విచక్షణ విశ్లేషణను నిరూపించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కల్యంపూడి రాధాకృష్ణ రావు ఈ రెండు ధారలనూ కలిపాడు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి 1946లో కేంబ్రిడ్జి వెళ్ళాడు. జీవ వర్గీకరణలో బహుళ కొలతల వినియోగం గురించి 1948లో ఆయన ప్రకటించిన పత్రం ఈ రంగంలో మూలస్తంభం. నేడు చిమ్మట రెక్కలు కొలిచి కంప్యూటర్‌లో విచక్షణ విశ్లేషణ నడిపే ప్రతి పరిశోధకుడూ తెలిసో తెలియకో ఈ బాటలోనే నడుస్తున్నాడు.

ఈ పద్ధతి మొదట మనుషుల మీద ప్రయోగించబడిందన్న సంగతి మరువరానిది. రిస్లీ 1891లో బెంగాల్ కులాల, తెగల గ్రంథం వెలువరించిన కాలంలో ముక్కు కొలతలతో సామాజిక హోదాను ముడిపెట్టే ప్రయత్నం సాగింది. అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ 1912 నాటికి వలసవచ్చినవారి పిల్లల తల కొలతలు తల్లిదండ్రుల కొలతల నుంచి మారుతున్నాయని చూపి, కొలత అంటే మారని వారసత్వం అన్న నమ్మకాన్ని దెబ్బతీశాడు. పరిసరాలు దేహాన్ని మలుస్తాయన్న ఈ పాఠం చిమ్మటలకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

4. దసలి పురుగు – చెట్టు, కాలం, లింగం:

దసలి చిమ్మట దేహధర్మంలోనే కొలతల సమస్యకు కీలకం ఉంది. గూడు చీల్చుకుని బయటికి వచ్చిన రెక్కల పురుగు ఏమీ తినదు, ఇక పెరగదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. అంటే దాని పరిమాణమంతా పురుగు దశలో తిన్న ఆకులోంచే వచ్చింది. నాలుగుసార్లు కుబుసం విడిచి, ఐదు దశలు దాటేలోగా దొరికిన ఆకు లేతదా ముదురుదా, నల్లమద్దిదా తెల్లమద్దిదా, వాన పడిందా ఎండ కాసిందా అన్నదంతా ఆ రెక్కల్లో నమోదై ఉంటుంది. పరిశోధకుడు కొలుస్తున్నది వారసత్వాన్ని మాత్రమే కాదు, ఆ ఏటి అడవిని కూడా.

దసలి పురుగును చెట్ల మీద ఆరుబయట పెంచుతారు. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులను కొమ్మతో సహా మరో చెట్టుకు మారుస్తారు. వానాకాలంలో మొదలయ్యే తొలిపంట ప్రధానంగా విత్తనానికి, తర్వాతి పంట నూలుకు. చివరి పంట గూళ్ళలోని ప్యూపాలు వేసవి దాటేదాకా సుప్తావస్థలో ఉంటాయి. తొలిపంట పురుగుకూ, సుప్తావస్థకు సిద్ధపడే పురుగుకూ గూటి మందంలో, బరువులో తేడా ఉండడం సహజం. ఈ రెండు పంటల గూళ్ళను కలిపి తూచినవారికి రెండు 'రకాలు' కనిపించవచ్చు. అక్కడ ఉన్నది ఒకే రకం, రెండు కాలాలు.

దసలి పురుగులో డాబా, సుకింద, రైలీ, మోడల్, భండారా, ఆంధ్ర లోకల్ వంటి అనేక స్థానిక రకాలను పట్టు పరిశోధన సాహిత్యం 'ఎకోరేస్'ల పేరుతో గుర్తిస్తుంది. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్ అడవులది ఆంధ్ర లోకల్. దీని గూళ్ళ మీద, నూలుపోగు మీద వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిగింది. ఈ పేర్లలో చాలావరకు ఊళ్ళవీ, ప్రాంతాలవీ కావడం గమనార్హం. పేరు ముందు వచ్చింది, కొలత తర్వాత వచ్చింది. ఫలానా అడవిలో దొరికింది కాబట్టి ఫలానా రకం అని ముందే విడదీసి, తర్వాత ఆ గుంపుల సగటులు పోల్చితే ఎంతో కొంత తేడా రాక తప్పదు, ఎందుకంటే అడవులే వేరు. ఆ తేడా పేరును సమర్థించినట్టు కనిపిస్తుంది గానీ, పేరు సరైనదా కాదా అన్న ప్రశ్నను పరీక్షించదు.

పరీక్షించే దారి ఒకటుంది. రెండు రకాల గుడ్లనూ ఒకే కాలంలో, ఒకే తోటలో, ఒకే చెట్ల మీద పెంచాలి. అప్పటికీ తేడా నిలిస్తే అది వారసత్వం. కరిగిపోతే అది చెట్టుది, నేలది. వీలైతే రెండు చోట్లా రెండింటినీ పెంచి చూడాలి. ఈ పని లేకుండా పోగుచేసిన కొలతల పట్టిక ఎంత పెద్దదైనా ప్రశ్న అలాగే మిగులుతుంది. దీని మీద ఆధారపడిన ఆచరణ చిన్నది కాదు. బయటి విత్తనం తెచ్చి స్థానిక అడవిలో వదిలినప్పుడు రెండూ కలిసిపోయాయా లేదా అన్నది తెలుసుకోవడానికి నమ్మదగిన గుర్తు కావాలి. గూటి బరువును మాత్రమే గుర్తుగా పెట్టుకుంటే, మంచి ఆకు దొరికిన ఏడు స్థానిక రకమే బయటి రకంగా, కరువు ఏడు బయటి రకమే స్థానిక రకంగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది.

5. సగటుల తేడా – గుర్తింపు:

రెండో లోపం గణాంకానికి సంబంధించినది. రెండు గుంపుల ముందు రెక్క పొడవుల సగటులు 80, 84 మిల్లీమీటర్లనీ, రెండింటిలోనూ ప్రామాణిక విచలనం 4 మిల్లీమీటర్లనీ ఊహించుకుందాం. ఒక్కో గుంపులో 100 నమూనాలు కొలిస్తే 'టి' విలువ 7 దాటుతుంది. ఏ ప్రమాణంతో చూసినా తేడా గణనీయమే. ఇప్పుడు ఎవరో ఒక చిమ్మటను చేతికిచ్చి ఇది ఏ గుంపుదని అడిగితే, 82 మిల్లీమీటర్లను గీతగా పెట్టుకుని చెప్పే జవాబు 100లో 31 సార్లు తప్పుతుంది. కళ్ళు మూసుకుని చెప్పినా 50 సార్లు తప్పేదే. 'గణనీయమైన తేడా'కూ 'గుర్తింపు'కూ మధ్య దూరం ఇంత ఉంది. మొదటిది గుంపుల గురించిన మాట, రెండోది చేతిలోని పురుగు గురించిన మాట. నమూనాల సంఖ్య పెంచితే మొదటిది బలపడుతుంది, రెండోది ఏమీ మారదు.

మరిన్ని కొలతలు చేరిస్తే సమస్య తీరుతుందన్నది సాధారణ విశ్వాసం. రెక్క వెడల్పులోనూ అదే నిష్పత్తిలో తేడా ఉండి, పొడవు వెడల్పుల సహసంబంధం 0.8 అయితే, రెండూ కలిపి వాడినా తప్పులు 31 నుంచి 30కి తగ్గుతాయి, అంతే. పెద్ద పురుగుకు అన్నీ పెద్దవే, కాబట్టి రెండో కొలత మొదటిదాన్నే తిరిగి చెబుతుంది. దీనికి భిన్నంగా, పొడవులో తేడా ఉండి వెడల్పు సగటులు రెండు గుంపుల్లోనూ ఒకటే అయితే, తప్పులు 20కి పడిపోతాయి. విడిగా చూస్తే ఏ తేడా లేని వెడల్పు ఎక్కువ సాయం చేయడం వింతగా తోచవచ్చు. అక్కడ వెడల్పుతో పోల్చినప్పుడు పొడవు ఎంత అన్నది, అంటే ఆకారం, వేరు. మహలనోబిస్, రావు సూత్రాల అసలు సారం ఇదే: కొలతలను విడివిడిగా కాక, వాటి పరస్పర సంబంధంతో కలిపి చూడాలి. ఒక్కో కొలతకూ ఒక్కో 'టి' పరీక్ష చేసి పట్టిక నింపే వ్యాసాలు ఈ సారాన్నే వదిలేస్తున్నాయి.

ఏ నమూనాలతో సూత్రం తయారైందో ఆ నమూనాలమీదే దానిని పరీక్షించి 95 శాతం సరిపోయిందని చెప్పుకోవడం మరో లోపం. కొలతలు ఎక్కువై నమూనాలు తక్కువైనప్పుడు ఇలాంటి శాతం దాదాపు ఎప్పుడూ మెప్పుదలగానే వస్తుంది. సూత్రం చూడని పురుగుల మీద, వీలైతే మరో ఊరిలో, మరో ఏడు సేకరించిన వాటిమీద నిలిస్తేనే దానికి విలువ.

6. పరిమాణం నుంచి ఆకారానికి:

1990ల నాటికి ఈ రంగంలో వచ్చిన మార్పు రేఖాగణిత పద్ధతి. రెక్కల నాడులు కలిసే, చీలే బిందువులను గుర్తించి, వాటి స్థానాలను నమోదు చేసి, పరిమాణాన్నీ దిక్కునూ తొలగించి మిగిలిన ఆకారాన్ని పోల్చుతారు. బుక్‌స్టైన్ 1991లో వెలువరించిన గ్రంథం దీనికి పునాదుల్లో ఒకటి. ఆకు చాలక చిన్నదైన పురుగులోనూ నాడుల అమరిక చాలావరకు జాతి లక్షణాన్ని నిలుపుకుంటుందన్నది దీని ఆశ. పరిమాణం మారితే ఆకారమూ కొంత మారుతుందని హక్స్‌లీ 1932లోనే చూపాడు కనుక ఈ ఆశకూ హద్దుంది. పరిమాణ ప్రభావాన్ని తీసేసిన తర్వాత తేడా ఎంత మిగిలిందో విడిగా చూపవలసి ఉంటుంది.

ఆకారమూ తేల్చలేనిచోట అంతర్నిర్మాణం తేలుస్తుంది. శనగపచ్చ పురుగునూ దాని అమెరికా బంధువునూ చాలాకాలం ఒకటిగానే భావించారు. హార్డ్‌విక్ 1965లో జననాంగాల విచ్ఛేదనం ఆధారంగా ఈ వర్గాన్ని సవివరంగా విడదీశాడు. అక్కడా కొలతలున్నాయి, అయితే అవి రెక్కల వెడల్పు వంటి ఆహారాధీన కొలతలు కావు. డి.ఎన్.ఏ. పరీక్ష అందుబాటులోకి వచ్చాక కొలతలు ఎందుకన్న వాదన ఉంది. అదీ పూర్తి జవాబు కాదు. చైనా టసార్ పురుగు ఆంథీరియా పెర్నియీకి 49 జతల క్రోమోజోములు, హిమాలయ ప్రాంతపు ఆంథీరియా రాయిలీకి 30 జతల ప్రాంతం. అంత తేడా ఉన్నా ఈ రెండింటి సంకరం నుంచి సంతానం కొనసాగే 'ప్రొయిలీ' రకాన్ని భారతీయ శాస్త్రజ్ఞులు రూపొందించారు. కొలత గానీ, క్రోమోజోముల లెక్క గానీ ఒంటరిగా జాతి సరిహద్దు గీయలేవని చెప్పడానికి టసార్ పురుగే సాక్ష్యం.

7. మొక్కజొన్న చేనులో సరైన కొలత:

కొలత పద్ధతి చక్కగా పనిచేసే ఉదాహరణ చేనులో దొరుకుతుంది. అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలో బయటపడి, అదే ఏడాది తెలంగాణ మొక్కజొన్నకూ చేరింది. దాని దగ్గరి బంధువు పొగాకు లద్దె పురుగు ఇక్కడ ముందునుంచీ ఉన్నదే. రెండింటి లార్వాల పొడవులు ఒకదానిమీద ఒకటి పడతాయి, పొడవుతో వేరుచేయడం కుదరదు. కత్తెర పురుగు తలమీది తిరగేసిన 'వై' గుర్తు, ఎనిమిదో ఉదర ఖండం మీద చతురస్రంగా ఉన్న నాలుగు నల్లమచ్చలు రైతుకు సరిపోయే గుర్తులు. జాతిని తేల్చేది ఇక్కడ మచ్చ, కొలత కాదు.

కొలత తేల్చేది వయసును. లార్వా మెత్తని దేహం పాకేటప్పుడు సాగుతుంది, ముట్టుకుంటే ముడుచుకుంటుంది. గట్టి తలతొడుగు మాత్రం కుబుసం విడిచే దాకా పెరగదు, విడిచినప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒక్కో దశకూ తల వెడల్పు దాదాపు స్థిరమైన నిష్పత్తిలో పెరుగుతుందని డయర్ 1890లో చూపాడు. కత్తెర పురుగులో మొదటి దశ తల వెడల్పు సుమారు 0.35 మిల్లీమీటర్లు, ఆరో దశలో సుమారు 2.6. చిన్న దశల్లో ఉన్నప్పుడు అరికట్టడం తేలిక. ముదిరి మొవ్వులోకి చేరి విసర్జనతో దారి మూసుకున్న పురుగును మందు చేరడం కష్టం. కాబట్టి తల వెడల్పు అన్న ఒక్క కొలత నేరుగా రైతు నిర్ణయానికి పనికొస్తుంది. 'రెండు సెంటీమీటర్ల పురుగు' అని మాత్రమే చెప్పే ప్రచార పత్రానికి అంత ప్రయోజనం లేదు.

ఇదే పురుగు కొలతకు హద్దునూ చూపుతుంది. దీనిలో మొక్కజొన్నకూ, వరికీ అలవాటుపడిన రెండు శాఖలున్నాయని పాష్లీ 1986లో గుర్తించింది. కంటికి అవి ఒకటే. జన్యు గుర్తులతోనే వాటిని వేరుచేస్తూ వచ్చారు. కొలంబియా పరిశోధకులు 2014లో రెక్కల ఆకార విశ్లేషణతో వాటి మధ్య తేడా చూపారు. ఆ ఫలితాన్ని వరి, మొక్కజొన్న పక్కపక్కనే పండే చొప్పదండి చేలకు నేరుగా వర్తింపజేయడం తొందరపాటు. ఆహారం మారితే రెక్క మారుతుందన్న దసలి పురుగు పాఠం ఇక్కడా అడ్డుపడుతుంది. వరి మీద పెరిగినందువల్ల వచ్చిన ఆకారమా, వరి శాఖకు పుట్టినందువల్ల వచ్చిన ఆకారమా అన్నది విడదీయకుండా జవాబు లేదు.

8. ముగింపు:

పై చర్చ నుంచి తేలే అంశాలు ఇవి:

1. రెక్కల పురుగు పరిమాణం పురుగు దశలోని ఆహారానికీ, రుతువుకూ లోబడినది. ఆతిథ్య వృక్షం, పంటకాలం, సేకరించిన చోటు, ఆడ మగ భేదం నమోదు చేయని కొలత జాతి నిర్ణయానికి ఆధారం కాదు.

2. సగటుల్లో గణనీయమైన తేడా గుర్తింపు సామర్థ్యంతో సమానం కాదు. ఎన్ని నమూనాలు తప్పుగా వర్గీకరించబడ్డాయో, అదీ కొత్త నమూనాల మీద, తెలపాలి.

3. విడివిడి కొలతల కంటే వాటి పరస్పర సంబంధం, పరిమాణం కంటే ఆకారం ఎక్కువ సమాచారాన్ని ఇస్తాయి. అదే నమూనాను రెండుసార్లు కొలిచి, కొలిచేవారి పొరపాటు ఎంతో ముందుగా తెలుసుకోవాలి.

4. దసలి పురుగు స్థానిక రకాల విషయంలో ఒకే తోటలో కలిపి పెంచి చూడడమే నిర్ణాయక పరీక్ష. ఆంధ్ర లోకల్ రకాన్ని కాపాడుకోవాలన్న ఆలోచనకు ఇది తొలి మెట్టు.

5. కొలిచిన నమూనాలను పారవేయకుండా చీటీలతో భద్రపరచాలి. నేటి కొలతను రేపటి విచ్ఛేదనం, డి.ఎన్.ఏ. పరీక్ష సరిచూడడానికి అదొక్కటే మార్గం.

ఖరీదైన పరికరాలు లేని కళాశాలలకు కొలత పద్ధతి ఇప్పటికీ అందుబాటులో ఉన్న సాధనం. చొప్పదండి చేనిగట్టు మీద దీపపు ఎర పెట్టినా, చెన్నూరు అడవిలో గూళ్ళు ఏరినా, పుస్తకంలో అంకె పక్కన చెట్టు పేరు, నెల, ఆడో మగో రాసుకోవడానికి అదనపు ఖర్చేమీ లేదు. ఆ నాలుగు మాటలు లేని అంకెను తర్వాత ఎంత గొప్ప సూత్రమూ బాగుచేయలేదు.